పాత కారు, పోయిన మైలేజ్: లీటరుకు 13 నుంచి 17 దాకా

మాది 2014 మోడల్ పెట్రోల్ కారు. లీటరు ఇంజన్, మూడు సిలిండర్లు, చిన్న బండి. సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాం. ఇల్లు నల్లగొండలో, నా ఉద్యోగం మిర్యాలగూడలో. ఒక ఆడిటర్ ఆఫీసులో రైస్ మిల్లుల లెక్కలు చూస్తాను. తిప్పర్తి, మాడుగులపల్లి, వేములపల్లి మీదుగా రోజూ పోయి రావడమే కారుకు పని. అద్దంకి రోడ్డు నాలుగు లైన్లది, ఆగి ఆగి పోవాల్సిన అవసరం లేదు. అలాంటి రోడ్డు మీద ఆ సైజు బండి పదిహేడో పద్దెనిమిదో ఇవ్వాలి. మాది పదమూడు దగ్గరే ఆగిపోయేది. అమ్మినాయన ఇరవై ఇస్తుందన్నాడు గానీ, అమ్మేటప్పుడు ప్రతి కారూ ఇరవయ్యే ఇస్తుంది కాబట్టి ఆ మాట లెక్కలోకి తీసుకోలేదు.

మైలేజ్ తగ్గిందని నోరు తెరిస్తే చాలు, మన దగ్గర సలహాలకు కొదవ లేదు. బంకువాళ్లు తక్కువ పోస్తున్నారని మా ఆయన. ఎయిర్ ఫిల్టర్ మార్చమని మా నాన్న. ట్యాంకులో పోసే సీసా మందు ఏదో ఉందని ఆఫీసులో ఒకాయన. దిగుడులో న్యూట్రల్ వేసుకో అక్కా అని మా తమ్ముడు. ఎవరి మాటా కొట్టిపారేయలేదు. కానీ లెక్కలు రాసి బతికేదాన్ని కదా, ముందు ఖాతా తెరిచి, ఆ తర్వాతే ఖర్చు పెడదామనుకున్నాను.

ఖాతా అంటే పెద్ద విద్యేం కాదు. ట్యాంకు నిండా కొట్టించాలి. నాజిల్ దానంతట అదే టక్కున ఆగగానే చాలనాలి. "రౌండ్ ఫిగర్ చేద్దాం మేడం" అంటే ఒప్పుకోకూడదు. ట్రిప్ మీటర్ సున్నా చేసుకుని, ట్యాంకు సగం పైగా ఖాళీ అయ్యాక మళ్లీ అదే బంకులో, వీలైతే అదే పంపు దగ్గర, అలాగే నింపించాలి. నడిచిన కిలోమీటర్లను రెండోసారి పట్టిన లీటర్లతో భాగిస్తే వచ్చేది అసలు మైలేజ్. బంకు మారితే నేల వాలు మారుతుంది, నాజిల్ ఆగే చోటు మారుతుంది, లెక్కలో లీటరు దాకా తేడా రావచ్చు. అందుకే ఒక్క ట్యాంకుతో తీర్పు చెప్పకుండా, వరసగా కొన్ని ట్యాంకుల సగటు చూసుకున్నాను. ఐదొందలకు, వెయ్యికి పోయించుకుంటూ మైలేజ్ లెక్కేసేవాళ్లకు ఏ లెక్కా నిలవదు.

ఇంకో నియమం కూడా పెట్టుకున్నాను. ఒకసారికి ఒక్కటే మార్చాలి. మూడు పనులు ఒకేరోజు చేయిస్తే, లాభం దేనివల్ల వచ్చిందో తెలియదు. మెకానిక్‌లకు ఇది నచ్చదు, బండి పదిసార్లు తిరిగి వస్తుంది మరి.

బంకు సంగతి ముందు తేల్చాను. ప్రతి పెట్రోల్ బంకులో తూనికలు కొలతల శాఖ ముద్ర వేసిన ఐదు లీటర్ల కొలపాత్ర ఉండాలి, అడిగితే మన కళ్ల ముందే అందులో పోసి చూపించాలి. ఐదు లీటర్లకు 25 మిల్లీలీటర్ల తేడా వరకు సర్దుకుపోవాలి. నేను అడగ్గానే పోసే పిల్లగాడు మేనేజర్ వైపు చూశాడు, మేనేజర్ నా వైపు చూశాడు, కాసేపటికి క్యాన్ వచ్చింది. కొలత సరిగ్గానే ఉంది. ఫిల్టర్ పేపర్ మీద చుక్క వేసి కల్తీ కూడా చూడమన్నాను. మరక లేకుండా ఆరిపోయింది. మా ఆయన సిద్ధాంతం అక్కడితో సరి.

తర్వాత టైర్లు. డ్రైవర్ డోర్ తెరిస్తే పక్కన స్టిక్కర్ మీద ఎంత గాలి ఉండాలో రాసి ఉంటుంది. పంచర్ షాపులో ఎవరూ అది చూడరు, "ఎంత కొట్టాలె?" అని మనల్నే అడుగుతారు. మా బండికి 30 దాకా ఉండాల్సింది, రెండు టైర్లలో 23, 24 పీఎస్ఐ ఉంది. గాలి తక్కువైతే టైరు నేల మీద ఎక్కువగా నలుగుతుంది, ఆ నలుగుడుకు పోయే శక్తి పెట్రోల్ నుంచే రావాలి. చూడాల్సింది పొద్దున్నే, బండి కదలకముందు. ఎందుకంటే టైరు వేడెక్కితే లోపలి గాలి వ్యాకోచిస్తుంది, ప్రతి ఐదారు డిగ్రీలకు ఒక పీఎస్ఐ దాకా పెరుగుతుంది. నల్లగొండ మే నెల ఎండలో, మిర్యాలగూడ నుంచి వచ్చాక గాలి చూస్తే మీటర్ అబద్ధం చెప్పినట్టే. నైట్రోజన్ గాలికి విడిగా డబ్బులు కట్టమన్నారు, వద్దన్నాను. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది, దానికి ఉచితంగా దొరకడమనే ఒక్క లోపం తప్ప ఏమీ లేదు. గాలి సరిచేశాక లెక్క పదమూడు నుంచి పదమూడున్నరకు కదిలింది. అంతే. కానీ పైసా ఖర్చు లేదు.

అప్పుడు నాన్న చెప్పిన ఎయిర్ ఫిల్టర్. తీసి చూస్తే గుండె ఆగినంత పనైంది. మిర్యాలగూడలో మిల్లుల మధ్య తిరిగే బండి కదా, ఊక దుమ్ము, వడ్ల దుమ్ము మడతల నిండా గట్టిగా పేరుకుపోయింది. మైలేజ్ దొంగ దొరికిందనే అనుకున్నాం అందరం. కొత్తది వేశాం. బండి పికప్ మారింది, లారీని దాటేటప్పుడు హాయిగా లాగుతోంది. నోటుబుక్కులో మాత్రం పదమూడున్నర పదమూడున్నరగానే ఉంది.

ఎందుకని వెతికితే తెలిసింది. నాన్న దగ్గర ఒకప్పుడు ప్రీమియర్ పద్మిని ఉండేది. అది కార్బ్యురేటర్ బండి. అందులో గాలి తగ్గినా పెట్రోల్ పాళ్లు తగ్గవు, కాబట్టి ఫిల్టర్ మూసుకుపోతే మిశ్రమం చిక్కబడి మైలేజ్ పడిపోయేది. ఆయన ఆదివారం ఆదివారం ఫిల్టర్ తీసి గోడకు కొట్టి దులపడం నాకు గుర్తే, ఆ రోజులకు అది సరైన పని. ఇప్పటి బండ్లలో ఇంజన్‌లోకి ఎంత గాలి పోతోందో సెన్సర్ చూస్తుంది, దానికి తగ్గట్టే కంప్యూటర్ పెట్రోల్ కొలిచి పోస్తుంది. గాలి తగ్గితే పెట్రోల్ కూడా తగ్గుతుంది, శక్తి తగ్గుతుంది, మనం యాక్సిలరేటర్ ఇంకాస్త తొక్కుతాం. అంటే మురికి ఫిల్టర్ వల్ల పోయేది ముఖ్యంగా పికప్. ఫిల్టర్ మార్చొద్దని కాదు, మన దుమ్ముకు కంపెనీ చెప్పిన గడువు కన్నా ముందే మార్చాలి, లేకపోతే ఇంజన్ అరుగుతుంది. మైలేజ్ కోసమే మార్చితే మాత్రం నిరాశ పడతారు.

ఈ సంగతి నాన్నకు చెబితే, "అయితే నీ కంప్యూటర్‌నే అడుగు పెట్రోల్ ఏడ పోతుందో" అన్నాడు. వెటకారంగానే అన్నాడు గానీ, చివరికి జరిగింది అదే.

మేం బండి చూపించే మెకానిక్‌ది దేవరకొండ రోడ్డులో చిన్న షెడ్డు. ఊళ్లో అందరికీ ఆయన చాచా. కారు నడిపేది నేను, ఖాతా రాసేది నేను, అయినా మొదట్లో ప్రతి మాటా మా ఆయన వైపు తిరిగే చెప్పేవాడు. నోటుబుక్కు చూశాక నా వైపు తిరిగాడు. ఇంజన్‌లో పెట్రోల్‌ను అంటించే స్పార్క్ ప్లగ్గులు విప్పి మూడింటినీ గుడ్డ మీద వరసగా పెట్టి, "చూడు బిడ్డా" అన్నాడు. మూడూ మసి పట్టి నల్లగా ఉన్నాయి, పొడి మసి, వేలితో రుద్దితే అంటుకుంటోంది. ఆరోగ్యంగా ఉన్న ఇంజన్‌లో ప్లగ్గు కొస లేత గోధుమ రంగులోనో బూడిద రంగులోనో ఉంటుందట. నల్లటి పొడి మసి అంటే పెట్రోల్ ఎక్కువై పూర్తిగా కాలడం లేదని. ఒక్క ప్లగ్గే నల్లబడితే ఆ సిలిండర్‌లో లోపం. మూడూ ఒకేలా ఉన్నాయంటే అందరికీ ఉమ్మడిగా ఏదో తప్పు జరుగుతోంది.

నేను కొత్త ప్లగ్గులు వేద్దామా అంటే, "వేస్తే కొన్ని రోజులు మంచిగుంటది, మళ్ల గిట్లనే నల్లగైతయి. ఇది ప్లగ్గు తప్పు కాదు" అన్నాడు. ప్లగ్గులు అమ్ముకుంటే ఆయనకు లాభమే కదా, అయినా ఆ మాట అన్నాడు. అక్కడే నాకు ఆయన మీద గురి కుదిరింది.

తమ్ముడు హైదరాబాద్ నుంచి వచ్చేటప్పుడు చిన్న బ్లూటూత్ పరికరం ఒకటి తెచ్చాడు. ఓబీడీ స్కానర్ అంటారు, ఆన్‌లైన్‌లో వెయ్యి లోపు దొరుకుతుంది. మన దేశంలో 2013 ఏప్రిల్ నుంచి వచ్చిన కార్లకు ఓబీడీ-2 తప్పనిసరి కాబట్టి స్టీరింగ్ కింద దానికి సాకెట్ ఉంటుంది. అందులో గుచ్చి ఫోన్‌లో యాప్ తెరిస్తే ఇంజన్ కంప్యూటర్ చూస్తున్న అంకెలన్నీ మనకూ కనబడతాయి. మా ఆయన నడుపుతుంటే నేను పక్కన కూర్చుని చూశాను. అన్నింటిలోకి నన్ను ఆపింది కూలెంట్, అంటే ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం, దాని ఉష్ణోగ్రత. క్లాక్ టవర్ దగ్గర ట్రాఫిక్‌లో నిలబడితే 80 దాటుతోంది. ఊరు దాటి వేగం అందుకోగానే దిగడం మొదలు. తిప్పర్తి దాటేసరికి 65. మాడుగులపల్లి టోల్ గేటు వచ్చేసరికి 62. నిజానికి ఇంజన్ ఒకసారి వేడెక్కాక ఊళ్లో అయినా హైవే మీద అయినా 85, 95 మధ్యలో కదలకుండా ఉండాలి.

ఆ అంకెలు చెప్పగానే చాచా నవ్వాడు. స్కానర్ వైపు చూడనైనా చూడలేదు. బానెట్ ఎత్తి, ఇంజన్ చల్లగా ఉండగా రేడియేటర్ పైపు వచ్చి కలిసే చోట రెండు బోల్టులు విప్పాడు. లోపల ఉండాల్సిన థర్మోస్టాట్ వాల్వ్ లేదు. ఖాళీ. "తీసి పారేసిండ్రు. ఎండకాలం హీటైతదని అందరు చేసే పనే ఇది. హీట్ గాదు, నిజమే. గని పెట్రోల్ తాగుతది."

ఎవరు తీశారో తెలియదు, కారు మా చేతికి రాకముందే జరిగింది. ఎందుకు తీశారో మాత్రం తెలిసింది. మన దగ్గర చాలామంది రేడియేటర్‌లో కూలెంట్ బదులు బోరు నీళ్లు పోస్తారు. నల్లగొండ నీళ్లనగానే అందరికీ ఫ్లోరైడ్ గుర్తొస్తుంది, రేడియేటర్‌ను చంపేది మాత్రం ఆ నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం. స్టీల్ బిందెకు తెల్లగా పొర కడుతుందే, అదే పొర రేడియేటర్ సన్నటి గొట్టాల్లోనూ కడుతుంది. నీళ్లు సరిగా తిరగవు, వేడి బయటికి పోదు, మేలో బండి హీటెక్కుతుంది. రేడియేటర్ బాగు చేయించాలంటే టైమూ డబ్బూ కావాలి. వాల్వ్ పీకేస్తే పది నిమిషాల్లో హీట్ తగ్గుతుంది, కస్టమర్ సంతోషంగా వెళ్లిపోతాడు. ఆ తర్వాత సంవత్సరాల తరబడి ఆ పది నిమిషాలకు వడ్డీ బంకులో కడుతూ ఉంటాడు.

వాల్వ్ పని చాలా చిన్నది. ఇంజన్ చల్లగా ఉన్నంతసేపు రేడియేటర్ దారి మూసి పెట్టి, కూలెంట్‌ను ఇంజన్ లోపలే తిప్పుతుంది, త్వరగా వేడెక్కాలని. సరైన వేడికి రాగానే దారి తెరుస్తుంది. కరెంటు లేదు, వైర్లు లేవు. ఇత్తడి గుండులో మైనం ఉంటుంది. మైనం కరిగి ఉబ్బితే లోపలి పుల్ల బయటికి తోసుకొచ్చి వాల్వ్ తెరుచుకుంటుంది, చల్లారితే స్ప్రింగ్ మూసేస్తుంది. అది లేకపోతే ఎప్పుడూ మూత లేని గిన్నెలో అన్నం వండుతున్నట్టే, మంట ఎంత పెట్టినా వేడి బయటికే. పైగా ఇంజన్ ఇంకా వేడెక్కలేదనుకుని కంప్యూటర్ పెట్రోల్ కాస్త ఎక్కువ పాళ్లలోనే పోస్తుంటుంది. ఆయిల్ కూడా చల్లగా చిక్కగానే ఉండిపోతుంది, ఆ రాపిడికి ఇంకొంత. ప్లగ్గుల మీద మసి, పడిపోయిన మైలేజ్, రెండింటికీ ఒకే కారణం. నా ఖాతాలో సంక్రాంతి రోజుల పేజీలు మిగతావాటి కన్నా ఎందుకు అధ్వాన్నంగా ఉన్నాయో కూడా అప్పుడే అర్థమైంది. పొద్దున్నే చలిలో బయల్దేరేదాన్ని, మిర్యాలగూడ చేరేదాకా ఇంజన్ వేడెక్కేదే కాదు.

కొత్త వాల్వ్ తెచ్చాక బిగించకముందు ఇంట్లో పరీక్షించాను. చాచా చెప్పిందే. దాని అంచు మీద 82 అని చెక్కి ఉంటుంది, ఆ వేడికి తెరుచుకోవడం మొదలుపెట్టాలి. వంటకు వాడని పాత గిన్నెలో నీళ్లు పోసి, వాల్వ్‌ను దారంతో కట్టి అడుగుకు తగలకుండా వేలాడదీసి, స్టవ్ వెలిగించాను. నీళ్లలో బుడగలు లేస్తున్నప్పుడు మెల్లగా కదిలింది, నీళ్లు మరిగేసరికి పూర్తిగా తెరుచుకుంది. తీసి పక్కన పెడితే మళ్లీ మూసుకుంది. మా అత్తమ్మ వంటింట్లోకి వచ్చి గిన్నెలోకి తొంగి చూసి, "ఏం వండుతున్నవే" అంది. కారు స్పేర్ పార్ట్ అని చెప్పాక ఆ రోజంతా ఆ స్టవ్ దగ్గరికి రాలేదు.

వాల్వ్ ఒక్కటే బిగిస్తే సరిపోదని, రేడియేటర్ మూసుకుపోయి ఉండగా వాల్వ్ పెడితే ఎండాకాలం నిజంగానే హీటెక్కుతుందని చాచా గట్టిగా చెప్పాడు. ఒకసారికి ఒకటే అన్న నా నియమాన్ని ఇక్కడ పక్కన పెట్టక తప్పలేదు. రేడియేటర్ విప్పి లోపల ఫ్లష్ చేశాడు, తుప్పు రంగు నీళ్లు చాలాసేపు వచ్చాయి. బయట రెక్కల మధ్య ఊక దుమ్మూ పురుగులూ ఇరుక్కుని ఉన్నాయి, వాటిని లోపలి వైపు నుంచి తక్కువ ప్రెషర్ నీళ్లతో కడిగాడు. ఎక్కువ ప్రెషర్ పెడితే సన్నటి రెక్కలు వంగిపోతాయి. కొత్త గాస్కెట్, మెత్తబడిన హోస్ పైపు ఒకటి, కూలెంట్ సగం డిస్టిల్డ్ వాటర్ సగం. బోరు నీళ్లు ఒక్క చుక్క కూడా వద్దన్నాడు. కూలెంట్ పోశాక లోపల గాలి బుడగలు పోయేదాకా హీటర్ ఆన్ చేసి ఇంజన్ నడిపించి, ఫ్యాన్ దానంతట అదే తిరిగి ఆగడం రెండుసార్లు చూశాకే మూత బిగించాడు. అన్నీ కలిపి మూడు వేల లోపే అయింది. విప్పే పనులన్నీ ఇంజన్ పూర్తిగా చల్లారాక చేసేవే. వేడి మీద రేడియేటర్ మూత తీస్తే ప్రెషర్‌తో మరుగుతున్న నీళ్లు మొహం మీదికి చిమ్ముతాయి, అలా కాలిన వాళ్లను చూశాను.

తర్వాతి ట్యాంకులు పదిహేనున్నర దాటాయి. ఆ పైన పదహారు దగ్గర నిలబడ్డాయి. ప్లగ్గులు అప్పుడు మార్చాం, గ్యాప్ మాన్యువల్‌లో చెప్పినంతే పెట్టించి. కొన్ని నెలల తర్వాత విప్పి చూస్తే కొసలు లేత రంగులో శుభ్రంగా ఉన్నాయి. ఇంట్లో అందరి టెన్షన్ మాత్రం మే నెల గురించి. వాల్వ్ పెట్టి ఎండాకాలం బండి ఎక్కడ ఆగిపోతుందోనని మా ఆయన సీటు కింద నీళ్ల డబ్బా పెట్టేవాడు. మధ్యాహ్నం రెండు గంటలకు ఏసీ వేసుకుని వేములపల్లి దగ్గర వడ్ల లారీల వెనక పాకుతూ వచ్చినప్పుడు కూడా అంకె 97 దాటలేదు. ఆ డబ్బా నీళ్లు మేమే తాగాం.

మిగిలినవి చిన్నవి, కానీ ఒక్కటి చెప్పి తీరాలి. ఇంటికొచ్చి దిగాక ముందు ఎడమ చక్రం దగ్గర సన్నగా మాడిన వాసన వచ్చేది. మిగతా చక్రాలు వెచ్చగా ఉంటే అది ముట్టుకోలేనంత వేడి. ముట్టుకుని చూడమని చెప్పను, దగ్గరగా చెయ్యి పెడితేనే సెగ తెలిసిపోతుంది. చాచా జాకీ ఎత్తి చేత్తో తిప్పితే కుడి చక్రం నాలుగైదు చుట్లు తిరిగింది, ఎడమది సగం చుట్టుకే ఆగింది. బ్రేక్ ప్యాడ్లను డిస్కుకు నొక్కే క్యాలిపర్ పిన్నులు ఎండిపోయి బిగుసుకున్నాయి, బ్రేక్ వదిలినా ప్యాడ్లు డిస్కును విడవడం లేదు. అంటే నేను రోజూ మిర్యాలగూడ దాకా సగం బ్రేక్ మీదే నడిపానన్నమాట. పిన్నులు శుభ్రం చేసి, బ్రేక్ గ్రీజు పెట్టాడు. తర్వాత వీల్ అలైన్‌మెంట్ చేయిస్తే స్టీరింగ్ ఎడమకు లాగడం కూడా పోయింది. ఖాతాలో ఇంకో అర కిలోమీటరు.

ఆయిల్ విషయంలో చాచాకూ నాకూ వాదన జరిగింది. మన ఎండలకు చిక్కటి 20డబ్ల్యూ-50 మంచిదని ఆయన నమ్మకం, మాన్యువల్‌లో మా ఇంజన్‌కు 5డబ్ల్యూ-30 అని ఉంది. కొత్త ఇంజన్లలో ఆయిల్ తిరిగే సందులు సన్నవి, వేడి మీద చిక్కదనం చెప్పేది వెనకున్న 30, ఎండకు తట్టుకోవడానికి అది చాలు, చల్లగా ఉన్నప్పటి చిక్కదనం చెప్పే ముందున్న 5 వల్ల పొద్దున్నే స్టార్ట్ చేయగానే త్వరగా పైకెక్కుతుంది. చిక్కటి ఆయిల్‌ను తిప్పడానికి ఇంజన్ ఎక్కువ కష్టపడాలి. చివరికి "నీ బండి, నీ ఇష్టం బిడ్డా" అన్నాడు. లాభం చిన్నదే, ఒకటి రెండు శాతం ఉంటుందేమో, నా ఖాతాలో దాన్ని విడిగా చూపించలేను. ఇప్పటి సగటు మాత్రం పదిహేడుకు అటూ ఇటూ.

నెలకు రెండు వేల కిలోమీటర్లు తిరిగే బండి పదమూడు ఇస్తే 154 లీటర్లు, పదిహేడు ఇస్తే 118. లీటరు 107 రూపాయల చొప్పున వేసుకోండి, నెలకు 3,800 పైమాటే.

సీసా మందు కొనలేదు. న్యూట్రల్ సలహా పాటించలేదు. ఇంజెక్షన్ బండిలో గేర్‌లో ఉండగా యాక్సిలరేటర్ వదిలేస్తే కంప్యూటర్ పెట్రోల్ పూర్తిగా ఆపేస్తుంది, న్యూట్రల్‌లో వేస్తే ఇంజన్ ఆగిపోకుండా ఉండటానికి పోయాల్సి వస్తుంది. పైగా బండి మీద పట్టు పోతుంది. ఒక సర్వీస్ సెంటర్‌లో ఇంజెక్టర్ క్లీనింగ్, డీకార్బనైజింగ్ అని పెద్ద ఎస్టిమేట్ రాసిచ్చారు. అప్పటికి వాల్వ్ సంగతి తేలలేదు, స్కానర్‌లో ఏ ఫాల్ట్ కోడూ లేదు. అది చేయించి ఉంటే మసి పోయి మళ్లీ పట్టేది. ఇంజన్‌లోకి గాలిని వదిలే థ్రాటిల్ బాడీని మాత్రం చాచా స్ప్రే కొట్టి తుడిచాడు. ఐడిలింగ్ నిలకడగా మారింది, మైలేజ్ మారలేదు.

పద్దెనిమిది ఎందుకు రాలేదని మా ఆయన ఇంకా అడుగుతుంటాడు. ఒక కారణం మన చేతుల్లో లేదు. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోల్‌లో ఉన్నదాని కన్నా మూడో వంతు తక్కువ. ఐదో వంతు ఇథనాల్ అయితే మొత్తం మీద ఆరేడు శాతం తగ్గుతుంది, నీతి ఆయోగ్ 2021 నివేదికలో మా బండి లాంటి పాత కార్లకు చెప్పిందీ ఆరేడు శాతమే. పదిహేడుకు ఆ ఆరేడు శాతం కలిపి చూడండి, ఆయన అడిగే పద్దెనిమిది అక్కడే ఉంది. ఇక రెండోది నా కుడికాలు. ఖాళీ రోడ్డు మీద వంద నుంచి ఎనభైకి దిగితే ఖాతాలో తేడా కనబడుతుంది, కానీ ఆఫీసుకు ఆలస్యమైన రోజు ఖాతా ఎవరికి గుర్తుంటుంది.

చాచా షెడ్డుకు వచ్చే పాత పెట్రోల్ బండ్లలో వాల్వ్ లేనివి చాలానే ఉంటాయట. మీ బండిలో ఉందో లేదో చూడటానికి స్కానర్ కూడా అక్కర్లేదు. పొద్దున్నే ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు బానెట్ ఎత్తి స్టార్ట్ చేయండి. ఇంజన్ నుంచి రేడియేటర్ పైభాగానికి వెళ్లే లావు రబ్బరు పైపును పట్టుకుని చూడండి. చీర కొంగు, చున్నీ, చెయ్యి ఫ్యాన్‌కూ బెల్టుకూ దూరంగా ఉంచుకోండి, ఫ్యాన్ ఎప్పుడైనా తిరగొచ్చు. పైపు కొన్ని నిమిషాలు చల్లగానే ఉండి, తర్వాత ఒక్కసారిగా వేడెక్కితే వాల్వ్ ఉంది, పని చేస్తోంది. స్టార్ట్ చేసినప్పటి నుంచే కొంచెం కొంచెంగా వెచ్చబడుతూ పోతే వాల్వ్ అసలు లేనట్టు, లేదంటే తెరుచుకుని అలాగే ఇరుక్కుపోయినట్టు. పైపు ఎంతసేపటికీ చల్లగానే ఉండి, కారు లోపల ఇంజన్ వేడి చూపే సూది పైకి పోతుంటే వాల్వ్ మూసుకుని ఇరుక్కుపోయింది. అప్పుడు మైలేజ్ సంగతి తర్వాత, వెంటనే ఇంజన్ ఆపేయండి.